పొగరాని పొయ్యి: కట్టిన తరువాత చేయవలసిన పనులు

పంపుసెట్టు మోటారుకు వేళకు గ్రీజు పెట్టని రైతు అరుదు. పురుగుమందు కొట్టిన తరువాత స్ప్రేయరును కడిగి, నాజిలులో ఇరుకుకొన్న నలకను తీసి, ఆరబెట్టి దాచుకొనువారు చాలమంది ఉన్నారు. ట్రాక్టరు ఉన్నవారు గాలివడపోతను దులిపించనిదే దమ్ములోనికి దింపరు. కాని ఇంటిలో ప్రతిదినము మండు పొయ్యికి ఒక గొట్టము కలదనియు, ఆ గొట్టములోపల మసి పేరుకొనుననియు, దానిని ఎవరో ఒకరు తీయవలెననియు తలచువారు తక్కువ. పొగరాని పొయ్యి కట్టించుకొని రెండేండ్లయిన ఇంటికి వెళ్ళి, "పొయ్యి ఎట్లా ఉందమ్మా?" అని అడిగినచో, "మొదట్లో బాగానే ఉండేదండీ, ఇప్పుడు మళ్ళీ పొగే" అను జవాబే తరచుగా వినబడును. పొయ్యిలో దోషము లేదు. దానికి జరుగవలసిన సేవ జరుగలేదు.

వ్యవసాయశాఖ పత్రికలో పొయ్యి సంగతి ఏల అని కొందరు అడుగవచ్చును. ఆ పొయ్యిలో మండునది మన చేలలోని పత్తికట్టె, కందికంప, మిరపకట్టె, సరుగుడు కొమ్మలు. అందులోనుండి వచ్చు బూడిద తిరిగి మన పెరటికే పోవును. ఆ పొగను పీల్చునామెయే మరునాడు ఉదయము నాట్లకో, కలుపుతీతకో పోవును. కావున ఈ విషయము సేద్యమునకు దూరమైనది కాదు.

గ్యాసు వచ్చినది గదా అను మాటయు ఉన్నది. మన రాష్ట్రములో 1999లో దీపం పథకము, దేశమంతట 2016లో ఉజ్జ్వల పథకము పేద కుటుంబముల స్త్రీలకు గ్యాసు కనెక్షనులు సమకూర్చినవి. ఇది గొప్ప మేలు. గ్యాసుతోనే అన్ని పనులు జరుపుకొనగల ఇంటివారు అట్లే చేయుట మంచిది. పొగకు అంతకు మించిన విరుగుడు లేదు. కాని పల్లెలో స్నానమునకు నీళ్ళు కాచుట, పశువులకు ఉలవలు ఉడికించుట, ధాన్యము ఉప్పుడు చేయుట, పెండ్లికో పండుగకో పెద్ద వంట చేయుట నేటికిని కట్టెలతోనే జరుగుచున్నవి. సిలిండరు అయిపోయిన వారము పది దినములు అన్నము కూడ ఆ పొయ్యిమీదనే వండుదురు. అట్టి పొయ్యి ఉన్నంతకాలము దానిని చక్కగా ఉంచుకొనవలెను.

పొగవలన కలుగు కీడు కళ్ళు మండుటతో పోవునది కాదు. వంటింటి పొగలోని సన్నని నలుసులు ఊపిరితిత్తుల అడుగువరకు పోయి అక్కడనే నిలిచిపోవును. పసిపిల్లలకు న్యుమోనియా, పెద్దలకు ఆయాసము, గుండెజబ్బు, పక్షవాతము, కంటిలో శుక్లములు, ఇవన్నియు ఈ పొగతో ముడిపడినవని వైద్యులు నిర్ధారించినారు. ఇండ్లలోని పొగవలన 2020లో ప్రపంచమున సుమారు 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో అయిదేండ్లలోపు పిల్లలు రెండు లక్షలకు పైగా ఉన్నారు.

ఈ కీడును తొలగించుటకు మన దేశములో చాలకాలమునుండి ప్రయత్నములు జరిగినవి. 1947లో వార్ధానుండి మగన్ చూలా వచ్చినది. తరువాత మన హైదరాబాదులోని ఇంజనీరింగు పరిశోధనాలయమున డాక్టరు ఎస్.పి. రాజుగారు గొట్టముతో కూడిన మట్టిపొయ్యిని రూపొందించి, 1953లో దానినిగూర్చి ఒక చిన్న పుస్తకమును ప్రకటించినారు. ఆ పరిశోధనాలయము పేరులోని మొదటి అక్షరములతో ఆ పొయ్యి 'హెర్ల్ చూలా' అని దేశమంతట ప్రసిద్ధి చెందినది. 1983లో ఆరంభమై 2002 వరకు నడచిన జాతీయ కార్యక్రమము కింద మూడుకోట్లకు పైగా మెరుగైన పొయ్యిలు కట్టబడినవి. ఇన్ని కట్టినను ఆశించిన ఫలితము ఏల రాలేదను ప్రశ్నకు ఒడిశాలో జరిగిన ఒక పరిశీలన జవాబు చెప్పుచున్నది. అక్కడ గొట్టముగల మట్టిపొయ్యిలు ఇచ్చిన పల్లెలలో సుమారు 2,600 కుటుంబములను నాలుగేండ్లవరకు పరిశీలించి, ఫలితములను 2016లో ప్రకటించినారు. మొదటి యేడు వంట చేయువారు పీల్చు పొగ తగ్గినది. ఆ తరువాత ఏమియు తగ్గలేదు. పొయ్యిలను సరిగా వాడకపోవుటయు, మరమ్మతులు చేసికొనకపోవుటయు అందుకు కారణములని వారు తేల్చినారు. పరిశోధనాలయములో పొయ్యి మేలైనదే. ఇంటిలో దాని మసి తీయువారు లేకపోయిరి.

పొగను పైకి లాగునది ఏది?

పొయ్యిని శుభ్రపరచవలెనన్నచో ముందు అది పనిచేయు తీరు తెలిసికొనవలెను. మన పల్లెలలో ఎక్కువగా కట్టునది రెండు కంతల పొయ్యి. ముందు నోటిగుండ కట్టె పెట్టుదుము. మంట మొదటి కంతమీది గిన్నెకు తగిలి, అక్కడనుండి పొగదారిగుండ రెండవ కంత కిందికి పోవును. రెండవ కంత అడుగున చిన్న మట్టిగట్టు ఒకటి ఉండును. అది వేడిని పైకి మళ్ళించి రెండవ గిన్నెకు తగులునట్లు చేయును. అక్కడనుండి పొగ గొట్టములోనికి పోయి ఇంటికప్పుపైన బయటపడును.

గొట్టములో ఏ యంత్రమును లేదు. వేడిగాలి తేలికగా ఉండి పైకి లేచును. అది లేచినచోట వెలితి ఏర్పడి, పొయ్యి నోటిగుండ చల్లనిగాలి లోపలికి చొచ్చుకొని వచ్చును. ఈ లాగుడు ఉన్నంతసేపు పొగ ఇంటిలోనికి రాదు. గొట్టము ఎత్తుగా, వేడిగా, లోపల నున్నగా ఉన్నచో లాగుడు ఎక్కువ. ఇరుకైనచో తక్కువ.

ఎంత ఇరుకైనచో ఎంత నష్టమో చిన్న లెక్క చూడుడు. మూడంగుళముల గొట్టములో నలువైపుల అరంగుళము మసి పట్టినదనుకొనుడు. మిగిలిన దారి రెండంగుళములు. చూచుటకు మూడింట ఒకవంతు పోయినట్లు కనిపించును. కాని పొగ పోవు వైశాల్యము అడ్డుకొలత వర్గమును అనుసరించి ఉండును. తొమ్మిదిపాళ్ళ దారిలో నాలుగుపాళ్ళే మిగిలినవి. అనగా సగముకంటె ఎక్కువ దారి మూసికొనిపోయినది. ఆ పొగ వేరేదారి లేక పొయ్యి నోటనుండి, గిన్నె అంచులనుండి ఇంటిలోనికే వచ్చును. అప్పుడు గొట్టములేని పాత మూడుగడ్డల పొయ్యికిని దీనికిని భేదము లేదు. పైగా మూడుగడ్డల పొయ్యిని ఆరుబయట పెట్టుకొందుము. దీనిని ఇంటిలోపల, గొట్టమున్నదను ధైర్యముతో కట్టుకొందుము.

దినదినము చేయవలసినది

ప్రతిదినము ఉదయము పొయ్యి రాజేయుటకు ముందు నిన్నటి బూడిదను తీసివేయవలెను. ఇనుపచువ్వల జాలి ఉన్న పొయ్యిలో జాలికింది గుంటను కూడ ఖాళీ చేయవలెను. గుంట నిండినచో కిందినుండి గాలి అందక కట్టె మండదు, పొగయే వచ్చును. అంతేగాక గాలి తగిలి చల్లబడవలసిన చువ్వలు చల్లబడక, వంగి కరిగినట్లయి రెండు మూడు నెలలకే పాడగును. జాలి తరచుగా పోవుచున్నదని ఇనుపకొట్టువానిని నిందించు ముందు కింది బూడిదను చూచుకొనుట మంచిది.

ఎంత బూడిద వచ్చునన్నది మీరు మండించు వస్తువునుబట్టి ఉండును. మంచి కట్టెలో బూడిద స్వల్పము. పిడకలో చాల ఎక్కువ. వరిఊక బరువులో ఇంచుమించు అయిదోవంతు బూడిదగా మిగులును. కావున కట్టెలు వాడు ఇంటిలో దినమునకొకసారి తీసినచో సరిపోవును గాని, పిడకలు, ఊక వాడువారు పూటపూటకు తీయవలసియుండును.

బూడిద తీయునపుడు నిప్పును మరువరాదు. పైకి తెల్లగా చల్లగా కనబడు బూడిదలో రవ్వలు రాత్రంతయు ఆరక ఉండగలవు. దానిని తట్టలో ఎత్తి పెంటకుప్పపై పోయుటవలనను, గాలికి ఆ రవ్వలు గడ్డివామిపై పడుటవలనను ఎండకాలములో ఎన్ని వాములు కాలిపోయినవో ఏ ఊరిలోనైనను పెద్దలు చెప్పుదురు. బూడిదను పాత ఇనుపడబ్బాలోగాని, కుండలోగాని పోసి మూతపెట్టి ఒక దినమంతయు గోడలకు, కట్టెలకు దూరముగా ఉంచిన తరువాతనే వాడుకొనవలెను.

ఆ బూడిద విలువైనది. కట్టెబూడిదలో నూటికి సుమారు అయిదుపాళ్ళవరకు పొటాషు, దానికంటె ఎక్కువగా సున్నము ఉండును. పొటాషు నీటిలో కరగిపోవునది గనుక వానకు తడిసిన బూడిదలో సారము తక్కువ. పొడిగా దాచి పెరటిలోని అరటికి, కందకు, కాయగూరల పాదులకు వేయవచ్చును. చౌడునేలలకు మాత్రము వేయరాదు. అమ్మోనియం సల్ఫేటు, డి.ఎ.పి. వంటి ఎరువులతో కలిపి చల్లరాదు. బూడిదలోని క్షారమువలన అమ్మోనియా గాలిలోనికి లేచిపోవును. పది రూపాయల బూడిదకు వంద రూపాయల ఎరువును పోగొట్టుకొనుట తెలివి కాదు.

అలుకుటలోని చిక్కు

ఇప్పుడు చెప్పబోవునది కొందరు ఇల్లాండ్రకు రుచింపకపోవచ్చును. మన ఆడవారు పొయ్యిని పేడతోను మట్టితోను అలికి ముగ్గు పెట్టుదురు. ఇది శుభ్రమునకు మంచి అలవాటే. పగుళ్ళు కూడ అందువలన పూడుకొనును. కాని అలికినపుడెల్ల పలుచని పొర ఒకటి పొయ్యి నోటి అంచుపైన, గిన్నె కంతల అంచులపైన చేరును. వారమునకు రెండుసార్లు చొప్పున ఏడాదికి నూరు పొరలు. కొలిచి చూచినచో పొయ్యి నోరు అంగుళము వరకు చిన్నదయి ఉండును. కంత ఇరుకై గిన్నె లోపలికి దిగదు. గాలి తగినంత పోదు. గొట్టము శుభ్రముగానే ఉన్నను పొగ వచ్చును. అప్పుడు తాపీవానిని పిలిచి అడిగినను అతనికి తెలియదు.

దీనికి సులభమైన ఉపాయము కలదు. పొయ్యి కొత్తగా కట్టిన దినముననే రెండు వెదురుపుల్లలు తీసికొని, ఒకటి పొయ్యి నోటి వెడల్పుకు, మరియొకటి గిన్నె కంత వెడల్పుకు సరిగా కోయవలెను. రెండింటిని దారముతో కట్టి వంటింటి గోడకు వ్రేలాడదీయవలెను. నెలకొకసారి ఆ పుల్లను పెట్టి చూచినచో, పట్టనిచోట ఎంత మట్టి పెరిగినదో తెలియును. దానిని తడిపి కత్తితో గీకివేయవలెను. పొయ్యి పైభాగమును, పక్కలను ఎంత అలికినను ఫరవాలేదు. నోటి లోపలి అంచును, కంతల లోపలి అంచును అలుకకుండ విడిచిపెట్టవలెను.

గిన్నె కంతపై సరిగా కూర్చుండుటయు ముఖ్యమే. పెద్ద కంతపై చిన్న గిన్నె పెట్టినచో పక్కలనుండి పొగ వచ్చును. చిన్న గిన్నెకు రేకు చుట్టు ఒకటి చేయించి పెట్టుకొనవలెను. రెండవ కంతపై వంట లేనపుడు దానిని తెరచి ఉంచరాదు. తెరచినచో గొట్టము లాగవలసిన గాలి ఆ కంతగుండ పోయి మొదటి పొయ్యి చల్లబడును. నీళ్ళబిందె పెట్టినచో నీళ్ళు కాగును, కంతయు మూసికొనును.

గొట్టము తుడుచుట

వారమునకొకసారి రెండవ కంతలో చేయిపెట్టి పొగదారిలోని బూడిదను, గట్టు వెనుక చేరిన మసిని తీయవలెను. ఇది పెద్దపని కాదు. పావుగంటలో అగును. గట్టు అరిగినట్లు కనిపించినచో అప్పుడే మట్టితో సరిచేయవలెను. గట్టు పోయినచో రెండవ గిన్నె కాగదు. అప్పుడు ఇల్లాలు రెండవ వంటకు మరల పాతపొయ్యి రాజేయును.

గొట్టమును నెలకొకసారి తుడువవలెను. పచ్చికట్టె, పిడకలు వాడువారు పదునైదు దినములకొకసారి తుడువవలెను. వానకాలములో తడికట్టె తప్పనిసరి గనుక అందరును ఇట్లే చేయవలెను. సామాను అంతయు ఇంటిలోనే దొరకును. గొట్టములో కొంచెము బిగువుగా పట్టునంత కొబ్బరిపీచు ఉండ కట్టి, దానికి రెండువైపుల తాడు కట్టవలెను. కింది తాడు చివర చిన్నరాయి వ్రేలాడవలెను. పొయ్యి పూర్తిగా చల్లారిన తరువాత కంతలమీద తడిపిన గోనెసంచులు కప్పి, ఒకరు పైనుండి రాయిని జారవిడిచినచో, కింద మసితీయు కంతవద్ద మరియొకరు తాడు అందుకొందురు. బావిలో చేద తోడినట్లు పైకిని కిందికిని పది పన్నెండుసార్లు లాగవలెను. రాలిన మసిని మసితీయు కంతగుండ తీసివేసి, ఆ కంతను మట్టిబిళ్ళతో గట్టిగా మూయవలెను. ఈ కంతను తెరచి ఉంచినచో గొట్టము అక్కడి గాలినే లాగును, పొయ్యిలోని పొగను లాగదు. తుడిచిన మరునాడే పొగ ఎక్కువైనదని చెప్పు ఇండ్లలో మొదట చూడవలసినది ఈ బిళ్ళనే.

ఇంటికప్పు ఎక్కి చేయు ఈ పని మగవారు చేయవలెనని నా అభిప్రాయము. వంట చేయునది ఆమె గనుక గొట్టము తుడుచుటయు ఆమె పనియే అని విడిచిపెట్టినందుననే చాల ఇండ్లలో అది జరుగుట లేదు. చీరతో నిచ్చెన ఎక్కి రేకులపై నిలువలేక ఆమె ఊరకుండును. రేకులపైనను పెంకులపైనను నేరుగా కాలు పెట్టరాదు. దూలముల వరుసలో అడ్డముగా ఒక పలక పరచి దానిపై నిలువవలెను.

మసి విషమువంటిది. లండనులో గొట్టములు తుడుచు కూలీలకు ఒకవిధమైన పుండు వచ్చుటకు మసియే కారణమని పెర్సివాల్ పాట్ అను శస్త్రవైద్యుడు 1775లోనే వ్రాసినాడు. వృత్తివలన వచ్చు కాన్సరును గుర్తించుట అదే మొదలు. కావున ముక్కుకు తడిగుడ్డ కట్టుకొని తుడువవలెను. పని ముగియగానే సబ్బుతో స్నానము చేయవలెను. పిల్లలచేత ఈ పని చేయించరాదు. మసిని ఆకుకూరల మడిలో చల్లక, గుంట తీసి పూడ్చవలెను.

జాతీయ కార్యక్రమపు కాలములో చాల పొయ్యిలకు ఆస్బెస్టాసు సిమెంటు గొట్టములు పెట్టినారు. ఇట్టి గొట్టములు నేటికిని కొన్ని ఇండ్లలో ఉన్నవి. వీటిని ఇనుపబరకముతో గీకరాదు, రంపముతో కోయరాదు, సుత్తితో కొట్టరాదు. అందులోని నూగు గాలిలో లేచి ఊపిరితిత్తులకు కాన్సరు తెచ్చును. మెత్తని పీచుతో, నీళ్ళు చల్లి తడిపి మాత్రమే తుడువవలెను. పగిలినదానిని తడిపి, సంచిలో మూటకట్టి తొలగించి, దానికి బదులు కాల్చిన మట్టిగొట్టముగాని, జింకు పూత రేకు గొట్టముగాని పెట్టించుకొనుట మేలు.

తాటాకు ఇండ్లవారు మరింత జాగ్రత్తగా ఉండవలెను. గొట్టములోని మసి, ముఖ్యముగా పచ్చికట్టెవలన పట్టిన జిగురుమసి, తానే ఇంధనము. ఒకనాడు పెద్దమంట పెట్టినపుడు అది గొట్టములోపలనే అంటుకొని, రవ్వలు కప్పుపై పడును. వైశాఖమాసపు గాలిలో ఒక ఇంటిపై పడిన రవ్వ వీధినంతటిని కాల్చగలదు. గొట్టము చుట్టు తాటాకును కత్తిరించి, ఖాళీలో రేకు పట్టీ వేయించవలెను. గొట్టము కప్పుపైన కనీసము మూడడుగులు లేచియుండవలెను. ఎండలు ముదరకముందే, ఫాల్గుణములోనే, ఒకసారి సంపూర్ణముగా తుడుచుట తాటాకు ఇంటివారు తప్పనిసరిగా చేయవలసిన పని.

పొగ వచ్చినపుడు కారణము వెదకుట

పొయ్యి నోటివద్ద వెలిగించిన అగరువత్తి పట్టుకొని చూడుడు. దాని పొగ లోపలికి వంగినచో లాగుడు ఉన్నట్లు. నిలువుగా పోయినను, మీవైపు వచ్చినను లేనట్లు. రాజేసినపుడు మాత్రమే పొగ వచ్చి తరువాత తగ్గినచో గొట్టము చల్లగా ఉన్నదని అర్థము. రెండవ కంతలో గుప్పెడు ఎండుకొబ్బరిపీచు వెలిగించి పడవేసి, గొట్టము వెచ్చబడిన తరువాత మొదటి పొయ్యి రాజేసినచో బాధ ఉండదు. వంట అంతసేపు పొగ వచ్చుచున్నచో గొట్టమో, పొగదారియో పూడినది. ఒక దిక్కు గాలి వీచినపుడే వచ్చుచున్నచో గొట్టముపై టోపీ పోయినదేమో, పక్కన చెట్టుగాని మేడగాని గొట్టముకంటె ఎత్తుగా లేచినదేమో చూడవలెను. అపుడు గొట్టమునకు మరియొక మూర చేర్చవలసియుండును.

కొన్ని పొయ్యిలకు గొట్టము మొదట అడ్డురేకు ఉండును. కట్టె వృథాగా మండకుండ దానిని సగము మూయుదురు. రాత్రి నిప్పులు ఉండగా దానిని పూర్తిగా మూయరాదు. నిప్పులనుండి కార్బన్ మోనాక్సైడు అను వాయువు వచ్చును. దానికి రంగు లేదు, వాసన లేదు, పొగయు కనబడదు. చలికి తలుపులు బిగించుకొని పండుకొను లంబసింగి, చింతపల్లి వంటి మన్యపు గ్రామములవారు దీనిని గుర్తుంచుకొనవలెను. నిప్పుల కుంపటి గదిలో పెట్టుకొని నిద్రపోవుటయు ఇంతే అపాయము.

కట్టె సంగతి

గొట్టములో మసిని తగ్గించుటకు మేలైన మార్గము ఎండుకట్టె. అప్పుడే కొట్టిన కట్టె బరువులో సగమువరకు నీరే ఉండును. మంటలోని వేడి ఆ నీటిని ఆవిరిచేయుటకే ఖర్చగును. మంట చల్లబడి సగము కాలిన పొగ జిగురై గొట్టమునకు అంటుకొనును. దుంగలను చీల్చి, వసారాలో గాలి ఆడునట్లు అడ్డదిడ్డముగా పేర్చి ఒక వేసవి ఎండనిచ్చిన తరువాతనే వాడవలెను. గన్నేరుకట్టెను వాడరాదు, దాని పొగయు విషమే. ప్లాస్టికు సంచులు, టైరుముక్కలు, పురుగుమందు డబ్బాలు, వాటి అట్టపెట్టెలు పొయ్యిలో వేయుట ఎంతమాత్రము తగదు.

పత్తిరైతులకు ఒక మాట. పత్తికట్టె మంచి ఇంధనమే గాని, దానిని ఇంటివద్ద వామివేసి వచ్చే పంటవరకు దాచినచో, విచ్చుకొనని గుడ్డికాయలలో గులాబీరంగు పురుగు నిద్రావస్థలో ఉండి, తొలకరితో రెక్కలపురుగై కొత్త పత్తిమీదికి పోవును. వంటకు ఉంచుకొను కట్టెకున్న కాయలను రాల్చి తగులబెట్టి, కట్టెను తొలకరిలోపల వాడివేయవలెను. ఏడాదిపొడుగున కావలసినదానికి కందికంపను, సరుగుడును దాచుకొనుడు.

గుళికల పొయ్యి

ఈ మధ్య కొందరు గుళికల పొయ్యిలు కొన్నారు. వేరుశనగ పొట్టు, చెరకు పిప్పి, రంపపుపొట్టు వంటివాటిని ఒత్తిచేసిన గుళికలతో ఇవి మండును. చిన్న పంకా ఒకటి కిందినుండియు పైనుండియు గాలి కొట్టును. అందుచేత మంట దాదాపు గ్యాసువలె ఉండును. వీటికి గొట్టము లేకున్నను శ్రద్ధ తక్కువేమియు కాదు. గాలిరంధ్రములు సన్ననివి. వారమునకొకసారి పుల్లతోగాని సైకిలు ఊచతోగాని ఒక్కొక్కదానిని పొడిచి తెరువవలెను. ఎక్కువ వేడికి బూడిద కరగి చిట్టెమువలె గట్టిపడి అడుగున పట్టును. దానిని చల్లారిన తరువాత తట్టి ఊడదీయవలెను. మంట ఆర్పుటకు నీళ్ళు పోసినచో లోపలి గచ్చు పగులును. గుళికలకు చెమ్మ తగిలినచో పొడిగా విడిపోవును. ఆ పొడి గాలిదారిని మూసి పొగ పుట్టించును. కావున మూతగల డబ్బాలో నేలకు తగులకుండ పెట్టవలెను. కొనుటకు ముందు గుళికలు మీ ఊరికి ఏడాదంతయు వచ్చునా అని విచారించుడు. అవి దొరకనినాడు ఈ పొయ్యిలో కట్టె పెట్టుటకు వీలు లేదు.

ఏటేటి మరమ్మతు

మట్టిపొయ్యికి ఏడాదికొకసారి, మృగశిర కార్తెకు ముందు మరమ్మతు చేయవలెను. పుట్టమన్నుగాని, బంకమట్టిగాని తెచ్చి, ఊకయో సన్నగా తరిగిన గడ్డియో కలిపి, కొంచెము పేడ చేర్చి, నీళ్ళు పోసి రెండు మూడు దినములు మాగనిచ్చి తొక్కవలెను. పగులును వెడల్పుగా గీకి, నీళ్ళతో తడిపి, ఆ మట్టిని లోపలివరకు నొక్కవలెను. ఎండిన పగులుపై పైపైన పూసిన మట్టి మొదటి మంటకే ఊడిపడును. కొందరు గట్టిగా ఉండునని సిమెంటు పూయుదురు. మంట తగులుచోట సిమెంటు నిలువదు. పెచ్చులై రాలి, తనతో మట్టిని కూడ ఊడదీసికొనిపోవును. మరమ్మతు చేసిన పొయ్యిని నీడలో నాలుగయిదు దినములు ఆరనిచ్చి, మొదట చిన్నమంటతో మొదలుపెట్టవలెను. గొట్టముపై టోపీ బిగువుగా ఉన్నదో లేదో, గొట్టము కప్పులోనుండి వెళ్ళినచోట వాననీరు దిగునో లేదో అప్పుడే చూచుకొనవలెను. నీరు దిగినచో గొట్టము మొదటనున్న మట్టి కరగి, రెండేండ్ల పొయ్యి ఒక్క వానకే కూలును.

ఇంత చేసినను మంటగది గోడలు అరిగి, మొదటి కంత వదులైన పొయ్యిని తిరిగి కట్టుకొనుటే మేలు. గొట్టము బాగుగా ఉన్నచో దానిని కదల్చనక్కరలేదు. పాతపొయ్యి మట్టిని పగులగొట్టి నానబెట్టి, సగము కొత్తమట్టి కలిపి, గోడకున్న కొలపుల్లల ప్రకారము కట్టవలెను.